ఒడ్డు పొడుగునకు తగిన పెండ్లి వస్త్రము

రాబోవు మే నెలలో మా మనుమరాలి పెండ్లి. మొన్న ఆదివారము ఆరాధన ముగించుకొని వచ్చి అన్నమునకు కూర్చుండగా మా అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, పాపకు పెండ్లి చీర తీసేదానికి పోతాండాము. నువ్వూ రావాల" అనెను. ఆ మాట వినగానే నా చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయెను. "నేనెందుకులేమ్మా, మీరే చూసుకోండి" అంటిని. కొంతసేపు ఆమె ఏమియు పలుకలేదు. తరువాత, "రా అమ్మా. నువ్వు రావాలనే అడుగుతాండా" అనెను.

ఆమె అట్లు అడుగుటకును, నేను అట్లు జంకుటకును ఒక కారణము గలదు. అది 1998వ సంవత్సరము మే నెలలో, ఆమె పెండ్లినాడు మా గుడిలో జరిగిన సంగతి. స్త్రీల సమాజములో సాక్ష్యము చెప్పుటకు నేను లేచినప్పుడెల్ల దానిని దాటవేయుచు వచ్చితిని. అయితే లెంటు దినములు గడచి ఈస్టరు పండుగ వచ్చెనంటే మన సంఘములలో పెండ్లిండ్ల కాలము మొదలగును గదా. నేను చేసిన తప్పు మరియొక తల్లి చేయకుండవలెనని ఈ దినమున దానిని మీ యెదుట ఒప్పుకొనుచున్నాను.

నేను బనగానపల్లె దగ్గర ఒక పల్లె బడిలో పంతులమ్మగా పని చేసినదానను. మా ఊరు 1948 వరకు నవాబుల సంస్థానము. ఇప్పుడు 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనిది. మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనను జ్ఞాపకము వచ్చునది మామిడిపండు. దానిని మేము బేనిషాన్ అందుము. నిషాన్ అనగా గుర్తు. బేనిషాన్ అనగా మచ్చ లేనిది. 2017లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. మే నెలలో మా వీధులన్నియు ఆ వాసనతో నిండియుండును. వ్యాపారులు తోటలలో గడ్డి పరచి, పండ్లను కుప్పపోసి, చేతితో త్రిప్పి త్రిప్పి చూచి ఏరుదురు. చిన్న మరక కనబడిన పండును ప్రక్కకు నెట్టివేయుదురు. పండ్ల విషయములో అది వారికి తప్పదు. నేను నా కన్నబిడ్డను ఆ విధముగా త్రిప్పి చూచితిని. నా తప్పు ఇదే.

మా అమ్మాయి నా పోలిక కాదు. మా యింటి పెద్దాయన వైపు వారందరు పొట్టిగాను, దిట్టముగాను ఉందురు. ఈమెయు అట్టిదే. బొద్దుగా, భుజములు వెడల్పుగా, చేతులు బలముగా ఉండును. చిన్నప్పటినుండి రెండు బిందెల నీళ్ళు ఒక్కసారే మోసుకొని వచ్చు పిల్ల. పెండ్లికుమారుని వారు ఆమెను చూచి సంతోషముగా ఒప్పుకొనిరి. ఎవరికిని ఏ కొరతయు కనబడలేదు, నాకు తప్ప.

ఆ ముందటి క్రిస్మసు సెలవులలో మేము సికింద్రాబాదులో బంధువుల పెండ్లికి పోయియుంటిమి. అక్కడ పెండ్లికుమార్తె తెల్లని గౌను తొడిగియుండెను. నడుము పిడికెడు, వెనుక అంచు నేలమీద సాగివచ్చుచుండెను. అది చూచినప్పటినుండి నా మనస్సు నాలో లేదు. మా పల్లెలలో అందరును తెల్లచీరతోనే పెండ్లిపీఠము నొద్దకు వత్తురు. పంతులమ్మ కూతురు గౌనుతో రావలెనని నా కోరిక. పి.ఎఫ్. నుండి అప్పు తీసికొని, పట్టణములో ఒక అంగడికి పోయి, నాలుగున్నర వేల రూపాయలకు ఒక గౌను కొంటిని. అది మా అమ్మాయి నడుమునకు మూడు అంగుళములు తక్కువ. అంగడివాడు, "పెండ్లికి ఇంకా మూడు నెలలు ఉంది గదమ్మా, అంతలోపల తగ్గితే సరిపోతుంది" అనెను. ఆ మాట నాకు నచ్చెను. అమ్ముకొనువాడు అమ్ముకొనుటకు చెప్పును, నమ్మినదానను నేను.

ఆ మూడు నెలలు నా యింటిలో నా బిడ్డ ఎట్లు బ్రదికెనో వ్రాయుటకు చేయి వణకుచున్నది. ఉదయమున ఒక గ్లాసు రాగిగంజి. రాత్రికి ఒక జొన్నరొట్టె. మధ్యాహ్నము ఆమె పళ్లెములోని అన్నమును నేనే తగ్గించుచుంటిని. ప్రతి శనివారము టేపు తెచ్చి నడుము కొలిచి, ఆ అంకెను గోడ క్యాలెండరు వెనుక వ్రాయుచుంటిని. అంకె తగ్గిన వారము ఆమెతో ప్రేమగా మాటలాడితిని. తగ్గని వారము, "ఆ గౌనులో పట్టకపోతే నలుగురిలో నా తల తీసేసినట్లే" అంటిని. ఆమె ఎన్నడును ఎదురు చెప్పలేదు. ఆమె మౌనమును విధేయత అనుకొంటిని.

పెండ్లిదినము వచ్చెను. పగలు పదకొండు గంటలు. మా గుడికి పైకప్పు నాపబండలు. మే నెల ఎండకు అవి పెనమువలె కాలుచుండును. కరెంటు పోయియుండెను. గౌను సాటిను గుడ్డ, లోపల మరియొక పొర, పైన వలగుడ్డ. వెనుక హుక్కులు పెట్టుటకు ఇద్దరు ఆడవారు లాగవలసివచ్చెను. ఆమె నిదానముగా నడచివచ్చి నిలిచెను. కీర్తన పాడితిమి. అయ్యగారు వాక్యము చదివి, ఆమెను అడుగవలసిన ప్రశ్న అడిగిరి. ఆమె పెదవులు కదలెను గాని శబ్దము రాలేదు. మరుక్షణమున మొదలు నరికిన చెట్టువలె ప్రక్కకు ఒరిగెను.

ఆడవారము ఆమెను ప్రక్క గదిలోనికి మోసికొనిపోతిమి. హుక్కులు ఊడలేదు. పెండ్లికి వచ్చిన మా దర్జీ సాయిబు తలుపు వెలుపల నిలిచి కత్తెర లోపలికి అందించెను. పాస్టరుగారి భార్య, మేము అమ్మగారు అని పిలుచునామె, ఆ గౌను ప్రక్క కుట్టును పైనుండి క్రిందికి కత్తిరించెను. గుడ్డ విడిపోయినప్పుడు నా బిడ్డ నడుము చుట్టు తాడు కట్టి లాగినట్టు ఎఱ్ఱని చార కనబడెను. ఆ చార నేను పెట్టినది. అంతవరకు నేను చూచిన అంకెలలో అది లేదు.

అమ్మగారు నన్ను ఒక్క మాటయు అనలేదు. ఎదురుగా నున్న బంగళాకు పరుగెత్తి, తన తెల్లని వెంకటగిరి నూలుచీర తెచ్చెను. సన్నని జరీ అంచుగల పాతచీర. తన పెండ్లినాటిదని తరువాత తెలిసికొంటిమి. గౌను పైభాగమును నడుము దగ్గర కత్తిరించి దానినే రవికగా ఉంచిరి. చీలిన ప్రక్కను పైట కప్పెను. అమ్మగారు పొడగరి, బక్కపలుచని మనిషి. మా అమ్మాయి పొట్టి, దిట్టము. అయినను ఆ చీర ఈమెకు కూడ చక్కగా సరిపోయెను. ఎక్కువైన నిడివిని నడుము దగ్గర లోపలికి దోపిరి, కుచ్చిళ్ళు రెండు తక్కువ పోసిరి, అంతే. ఉప్పు వేసిన మజ్జిగ ఒక చెంబెడు త్రాగించిరి. ఆమె లేచి తిరిగి నడచివచ్చినప్పుడు సంఘమంతయు లేచి నిలిచెను. ముందు వరుసలోని ఒక ముసలమ్మ అందరికి వినబడునట్లు, "ఇప్పుడుండావు చూడు తల్లీ, పెండ్లికూతురు మాదిరి" అనెను. ఈసారి అయ్యగారి ప్రశ్నకు మా అమ్మాయి ఇచ్చిన జవాబు వెనుక వరుస వరకు వినబడెను.

ప్రియ సహోదరీ, చీరయొక్క మేలు నాకు ఆ దినముననే తెలిసెను. ముప్పది సంవత్సరములు కట్టితిని గాని దానిని గూర్చి ఎన్నడును తలంచలేదు. చీర అనునది కత్తిరింపని గుడ్డ. అయిదున్నర మీటర్ల నిడివి. అది ఎవరి కొలతకును నేయబడలేదు గనుక ఎవరిని కాదనదు. పొట్టివారు, పొడుగువారు, బిడ్డను మోయుచున్నవారు, వయసు మీరినవారు అందరును దానిని తమ చుట్టు తిప్పుకొనగలరు. నీవు ఇంత లావుగా ఉన్నావేమని అది అడుగదు. గౌనైతే ముందుగానే కత్తిరింపబడి యుండును. దానికి ఒక ఊహించిన శరీరమున్నది. మనము ఆ ఊహను తెచ్చి మన పిల్లకు తొడుగుదుము. గౌను పాపమని నేను చెప్పుట లేదు. పిల్లను కొలిచి కుట్టిన గౌను మంచి వస్త్రమే. గౌను కొరకు పిల్లను కొలుచుటయే పాపము.

పెండ్లియైన వారమునకు ఆ చింపిన గౌనును దర్జీ సాయిబు నొద్దకు తీసికొనిపోయి, బాగుచేయ వీలగునా అని అడిగితిని. ఆయన దానిని బల్లమీద పరచి చూచి ఇట్లనెను: "టీచరమ్మా, మేము మనిషిని చూసి గుడ్డ కత్తిరిస్తాం గానీ, గుడ్డను చూసి మనిషిని కత్తిరిస్తామా?" ఆయన మన వేదము చదివినవాడు కాడు. అయినను ఆ దినమున నాకు ప్రసంగము చేసినవాడు ఆయనే.

ఇంటికి వచ్చి బైబిలు తెరచితిని. సమూయేలు మొదటి గ్రంథములో దావీదు గొల్యాతు మీదికి పోవునప్పుడు సౌలు రాజు తన సొంత యుద్ధవస్త్రములను అతనికి తొడిగించెను. సౌలు జనులందరికంటె ఎత్తరి. దావీదు గొఱ్ఱెలు కాయు పిల్లవాడు. అవి తొడిగి అతడు నడువలేకపోయెను. అయితే అతడు సిగ్గుపడలేదు; అవి తనకు అలవాటు లేనివని చెప్పి తీసివేసి, తన కఱ్ఱను, వడిసెలను పట్టుకొని పోయెను. రాజుగారి వస్త్రము గొప్పదే. అది సౌలుకు తగినది, దావీదుకు తగనిది. దావీదు పొట్టివాడగుట అక్కడ లోపము కాదు.

అదే గ్రంథము మొదట మరియొక తల్లి ఉన్నది. హన్నా తన కుమారుడైన సమూయేలును షిలోహులో దేవుని మందిరములో విడిచిపెట్టి, ఏటేట బలి అర్పించుటకు పోవునప్పుడు అతనికి ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెను. ఈ సంగతి ఎన్నిసార్లు ఆదివారపు బడి పిల్లలకు చెప్పియుంటినో లెక్కలేదు. అయితే ఒక ప్రశ్న నాకు అంతవరకు తోచలేదు. బిడ్డను ఏడాదికొకసారి చూచు తల్లి, ఈ యేడు అంగీ ఎంత పొడవు కుట్టవలెనో ఎట్లు ఎరుగును? పోయిన యేడు చూచినదానిని మనస్సులో నిలుపుకొని, ఈ పాటికి ఇంత ఎదిగి యుండునని ప్రతి దినము తలంచుకొనుచు కుట్టియుండవలెను. పాత అంగీ పట్టలేదని ఆమె బిడ్డను ఎదగవద్దనలేదు. క్రొత్తది కుట్టెను. ప్రతి శనివారము టేపు పట్టిన నేను నా బిడ్డను కొలిచితిని గాని చూడలేదు. హన్నా చూచి కుట్టెను.

ఈ తెల్లని గౌను మన విశ్వాసములో భాగమని కొందరు తలంచుచున్నారు. అది నిజము కాదు. ఇంగ్లాండు దేశపు విక్టోరియా రాణి 1840 ఫిబ్రవరి 10న పెండ్లి చేసికొన్నప్పుడు తెల్లని సాటిను గౌను, తన దేశపు హానిటన్ లేసు ధరించెను. అంతకు ముందు అక్కడి రాజకుమార్తెలు జరీ వస్త్రములును, వెండిపోగుల వస్త్రములును కట్టుచుండిరి. రాణిని చూచి ఐరోపాలో కలిగినవారు తెలుపు కట్టిరి. తరువాత ఆ వాడుక దేశదేశములకు వ్యాపించెను. మన తెలుగు దేశములో తెలుపు అనేకులకు విధవరాలి వస్త్రముగా తోచును. అందుచేతనే మన పెద్దలు తెల్లచీరకు జరీ అంచు పెట్టి, పూలు పెట్టి, చుట్టపక్కముల మనస్సు నొవ్వకుండ పెండ్లి చేసిరి. ముసుగైతే వేదములోనే కలదు. ఇస్సాకు ఎదురుగా వచ్చుట చూచి రిబ్కా ముసుగు వేసికొనెను. అయితే ఆమె ఒడ్డు పొడుగులను గూర్చి వేదము ఏమియు చెప్పలేదు. ఒంటెలన్నిటికిని నీళ్ళు చేది పోసిన బలమైన చేతులు ఆమెకు ఉండెనని మాత్రము తెలియును.

ఇప్పుడు ఇంటిలో పెండ్లికూతురు ఉన్న తల్లులకు, అక్కలకు నేను నేర్చుకొన్న కొన్ని సంగతులు చెప్పుదును. ఇవి దర్జీ సాయిబు చెప్పినవియు, అనేక పెండ్లిండ్లలో నేను చూచినవియు.

మొదటిది, పెండ్లినాడు పిల్ల చేయవలసిన పనులను తలంచుకొనుడి. ఆమె నడువవలెను, గంటసేపు నిలువవలెను, మోకాళ్ళూనవలెను, మెట్లు ఎక్కవలెను, వంగి రిజిస్టరులో చేవ్రాలు చేయవలెను, తరువాత కూర్చుండి భోజనము చేయవలెను. కొనకముందే ఆ వస్త్రముతో ఇవన్నియు చేయించి చూడుడి. మోకరించి లేవలేని వస్త్రము గుడికి తగినది కాదు. మేలో పెండ్లియైతే గాలి ఆడని గుడ్డను ముట్టవద్దు.

రెండవది గుడ్డ. దిట్టమైన పిల్లకు ఒంటిమీద మెత్తగా జారు గుడ్డ చక్కగా ఉండును. మైసూరు క్రేపు పట్టు, జార్జెట్టు, పలుచని వెంకటగిరి నూలు అట్టివి. బిరుసైన ఆర్గంజా, టిష్యూ చీరలు ఉబ్బుకొని నిలుచును గనుక అవి ఆమెను ఇంకను లావుగా చూపించును. బక్కపలుచని పిల్లకు దీనికి మారుగా చూడవలెను. ఆర్గంజా గాని, గంజిపెట్టిన మంగళగిరి నూలుగాని, నూలు ఒడలును పట్టు అంచును గల గద్వాల చీరగాని ఆమెకు నిండుదనము ఇచ్చును. మన ప్రాంతమునకు దగ్గరలోనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘము స్థాపించిరి. మన జిల్లాల నేతగాండ్ర గుడ్డ తక్కువదని తలంపవద్దు. మన ఎండను ఎరిగినవారు నేసిన గుడ్డ అది.

మూడవది అంచు. పొట్టి పిల్లకు రెండు అంగుళములకు మించని సన్నని అంచు చాలును. వెడల్పు అంచు ఆమె ఎత్తును అడ్డముగా కోసినట్లు చూపించును. నిలువు చారలు, చిన్నచిన్న బుటాలు ఆమెకు మేలు. పొడగరి పిల్లకు ధర్మవరపు పట్టుచీరలవంటి వెడల్పు అంచు అందము. పొట్టి పిల్లకు పన్నా తక్కువగల చీర వెదకుడి. లేనియెడల మిగిలిన గుడ్డ నడుము దగ్గర మూటవలె చేరును. కుచ్చిళ్ళు సన్నగా, బొడ్డునకు కొంచెము ఎడమగా దోపుడి. లోపావడ నాడా చోట వెడల్పు పట్టీ కుట్టించిన యెడల నడుము కోసికొనదు.

నాలుగవది రవిక. చేతులు లావైనవారికి మోచేతి వరకు చేయి పెట్టించుడి. లావైన చోటనే చేయి ముగిసినయెడల చూచువారి కన్ను అక్కడనే నిలుచును. సన్నని చేతులకు బుట్టచేతులు అందము. మెడ పొట్టిదైతే ముందుభాగము కొంచెము కోలగా దించవలెను. మెడ పొడవైతే కాలరు పెట్టవచ్చును. మంగళసూత్రము మెడలో పడునని మరువవద్దు, దానికి చోటుంచుడి. అన్నిటికంటె ముఖ్యముగా, లోపలి కుట్లలో ఇరుప్రక్కల రెండు వ్రేళ్ళ గుడ్డ మిగిల్చమని దర్జీతో చెప్పుడి. పెండ్లి మాటలు మొదలైనప్పటినుండి పెండ్లివరకు ఆడపిల్ల శరీరము మారును. కొందరు దిగులుతో చిక్కుదురు, కొందరు సంతోషముతో నిండుదురు. కడవరి కొలత పెండ్లికి పది దినముల ముందు తీయుడి.

అయిదవది రంగు. తెలుపు ఒక్కటి కాదు. పాలతెలుపు, మీగడ రంగు, దంతపు రంగు, నీలి వేసిన తెలుపు అని అనేకములు గలవు. మన చామనచాయ పిల్లలకు మీగడ రంగును, దంతపు రంగును ముఖమునకు వెలుగు తెచ్చును. అంగడిలోని దీపముల క్రింద చూచి మోసపోవద్దు. చీరను గుమ్మము దగ్గరకు తెచ్చి, పగటి వెలుగులో పిల్ల ముఖము ప్రక్కన పట్టి చూడుడి.

ఆరవది ముసుగు. పొట్టి పిల్లకు నడుము వరకు వచ్చు ముసుగు చాలును. అది ఇరుప్రక్కల ఉబ్బకుండ తలకు అణగియుండవలెను. పొడగరికి నేల వరకు ఉండవచ్చును. ముసుగు అంచునకు లేసు కావలెనన్న యెడల దూరదేశపు సరుకు ఎందులకు? పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీలు నేర్పిన లేసు పని నరసాపురము ప్రాంతపు స్త్రీలు ఇండ్లలో కూర్చుండి ఇప్పటికిని చేయుచున్నారు. 2024లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒక పేద సహోదరి చేతిపని మీ బిడ్డ తలమీద ఉండుట మంచిది గదా.

కడపటిది అప్పు. ఒక్క పూట కట్టు వస్త్రమునకు మూడేండ్లు వడ్డీ కట్టవద్దు. నేను కట్టితిని. గౌను చినిగిపోయిన తరువాత కూడ నెలనెల జీతములో దాని కంతు కోయబడుచునే యుండెను.

ఆ గౌను ఏమాయెనని మీరు అడుగవచ్చును. మిగిలిన క్రింది భాగమును, వెనుక సాగిన అంచును చాలకాలము పెట్టెలో దాచియుంచితిని. దానిని చూచినప్పుడెల్ల కడుపులో ఏదో తిప్పినట్లుండును. తుదకు దర్జీ సాయిబే అందులోని మంచి గుడ్డతో బాప్తిస్మపు చిన్న గౌనులు మూడు కుట్టి ఇచ్చెను, కూలి పుచ్చుకొనలేదు. లోపల మెత్తని నూలుగుడ్డ వేసెను. వెనుక హుక్కులకు బదులు నాడాలు పెట్టెను. "బిడ్డ ఎంతుంటే అంతకు కట్టుకోవచ్చమ్మా" అనెను. అవి ఇప్పటికిని మా గుడి బీరువాలో ఉన్నవి. బొద్దు పిల్లలకును, బక్క పిల్లలకును అవే తొడుగుచున్నారు.

మా అమ్మాయితో ఆ మూడు నెలలను గూర్చి మాటలాడుటకు నాకు చాలా యేండ్లు ధైర్యము చాలలేదు. ఒక క్రిస్మసు ముందటి రాత్రి ఇద్దరమును కజ్జికాయలు చేయుచుండగా నోరు తెరచి, "నిన్ను పస్తులు పెట్టితినమ్మా, నన్ను క్షమించు" అంటిని. ఆమె చేతిలోని పిండి చేతిలోనే ఉంచుకొని ఇట్లనెను: "అమ్మా, ఆకలి నాకు గుర్తే లేదు. శనివారం శనివారం నువ్వు నన్ను చూసే చూపు గుర్తుంది. నువ్వు నా నడుము చూసేదానివి. నా మొగం చూసేదానివి కాదు." ఆ రాత్రి ఆమె నన్ను క్షమించెను. అయితే ఆ మాట నాతోనే ఉన్నది. ఉండవలెను కూడ.

అందుచేతనే చీర తీయుటకు రమ్మన్నప్పుడు నేను జంకితిని. అయినను పోతిని. మా మనుమరాలు తల్లివలె కాదు. పొడగరి, రివటవంటి పిల్ల. అంగడిలో మొదటి చీర భుజముమీద వేయగానే వచ్చినవారిలో ఒకామె, "ఇంత బక్కగా ఉంటే పెండ్లిలో ఏం కనపడతావు పాపా, కాస్త తిని ఒళ్ళు చేయాల" అనెను. పిల్ల ముఖము వాడిపోయెను. లావైన పిల్లను తగ్గమందురు, బక్కపిల్లను పెరగమందురు. ఉన్నట్టుగా ఉండుమనువారు ఎవరు? నేను ఏదో చెప్పబోయితిని గాని, నాకంటె ముందుగా మా అమ్మాయి ఆ చీర తీసి బల్లమీద పెట్టి, "ఈ చీర పాపకు కుదరలేదు. ఇంకొకటి చూపించండి" అని నెమ్మదిగా అంగడివానితో అనెను. పాప చీరకు కుదరలేదని ఆమె అనలేదు. గమనించితిరా? నేను నా బిడ్డకు చెప్పని మాటను ఆమె తన బిడ్డ పక్షముగా చెప్పెను.

నాలుగవ చీర మీగడ రంగు గద్వాల నూలు, వెడల్పు పట్టు అంచు. దానిని గుమ్మము దగ్గరకు తీసికొనిపోతిమి. పిల్ల దానిని భుజముమీద వేసికొని నా వైపు తిరిగి, "అవ్వా, ఎట్లుంది?" అనెను. నేను మొదట ఆమె ముఖము చూచితిని. అది నవ్వుచుండెను. అప్పుడు చీర చూచితిని. "ఇదే తీయండి" అంటిని. మా అమ్మాయి నన్ను చూచి ఏమియు అనక నా చేయి పట్టుకొనెను.

ప్రియ చదువరీ, క్రీస్తు తన సంఘమును మచ్చయైనను ముడతయైనను లేనిదిగా తన యెదుట నిలువబెట్టుకొనునని అపొస్తలుడు ఎఫెసీయులకు వ్రాసెను. ఆ మచ్చ ఒడలి మచ్చ కాదు. ఆ ముడత నడుము ముడత కాదు. ఆయన మనలను కుప్పలోని పండువలె ఏరువాడు కాడు. మీ యింటి పెండ్లికూతురు పొట్టిదో పొడుగుదో, కుంటుచున్నదో, ముఖమున కాలిన గుర్తు గలదో, ఆమెను ఉన్నట్టుగానే ఒకడు కోరి వచ్చియున్నాడు. ఉన్నట్టుగానే దేవుడు చేసియున్నాడు. ఆమెకు తగిన వస్త్రము వెదకుడి. టేపు చేత పట్టుకొనుటకు ముందు ఆమె ముఖము చూడుడి.

ప్రభువా, మా బిడ్డలను నీవు చూచునట్లు చూచు కన్నులను మాకు దయచేయుము. మా గొప్ప కొరకు మేము వారికి తొడిగించిన సౌలు వస్త్రములను తీసివేయు ధైర్యమును మాకిమ్ము. హన్నావలె ఏటేట వారి ఎదుగుదలకు తగినట్టుగా ప్రేమించుటకు మాకు నేర్పుము. ఆమేన్.